చాట పెట్టుకునే కాలు

సి.టి. స్కాన్ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను కలిస్తే ముందు అడిగేది ఒకటే: "మేడమ్, ఇన్నేళ్లు రేడియేషన్ పక్కనే ఉన్నారు కదా, భయం వేయలేదా?" వేయలేదు. గోడ ఎంత మందమో, అద్దంలో సీసం ఎందుకుందో తెలిసినవాళ్లకు భయం దేనికి? ఆశ్చర్యం తగ్గిందా అని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే చెప్పేదాన్ని, తగ్గలేదని. ఉద్యోగం మానేసే రోజు పొద్దున కూడా, చేతి నరంలోకి ఎక్కించిన మందు గుండెను దాటి తెరమీద ఊపిరితిత్తుల్లో కొమ్మకొమ్మకూ తెల్లగా పాకుతుంటే నోరు తెరుచుకుని చూశాను. పక్కనున్న నర్సు నవ్వింది. "ఇంకా చూడబుద్ధి అవుతోందా మేడమ్ మీకు?" అంది. అవుతోంది మరి, ఏం చేయను?

నాకు ఏ ఏడు ఏ హోదా వచ్చిందో ఇక్కడ రాయను. అవి మా ఇంట్లోవాళ్లకే గుర్తులేవు. ఒక మనిషి గురించి, ఆమె కాలి గురించి, ఆ కాలు ఒత్తిన చెయ్యి గురించి రాస్తాను. ఈ పని అంటే ఏమిటో నాకు తెలిసింది అక్కడే.

చీకటి గది

నేను పుట్టింది షోలాపూర్ భవాని పేట్‌లో. నాన్న సాంచాల మీద, అంటే పవర్‌లూమ్‌ల మీద, టవళ్లు నేసేవాడు. అమ్మ బీడీలు చుట్టేది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో రెండూ కలిపి. మా గల్లీలో ఆడపిల్ల చదివితే టీచరైనా కావాలి, నర్సైనా కావాలి. నేను ఎక్స్‌రే కోర్సులో చేరతానంటే మా మేనత్త ఇల్లు పీకి పందిరేసింది. "చీకటి గదిల ఆడివిల్లకు ఏం పని? రేపు ఎవడు చేసుకుంటడు?" అని ఒకటే గొడవ. ఎవడో ఒకడు చేసుకున్నాడు లెండి, ఇప్పటికీ ఉన్నాడు.

ఎనభైలలో నేను పనిలో చేరినప్పుడు మా చేతిలో ఉన్నది ఎక్స్‌రే ఒక్కటే. ఎముక విరిగితే చూపించేవాళ్లం. క్షయ ముదిరితే చూపించేవాళ్లం. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ ఇరుక్కుంటే మాత్రం మా ఫిల్ములో ఏమీ దొరికేది కాదు. మనిషి కళ్లముందు ఎగశ్వాసతో కొట్టుకుంటుంటాడు, ఫిల్ము చూస్తే శుభ్రంగా ఉంటుంది. ఆ శుభ్రమైన ఫిల్ములంటే నాకు అసహ్యం పుట్టేది.

అసలు ఆ జబ్బు గురించి మొదటిసారి విన్నప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు. కాలి లోపలి సిరల్లో రక్తం పెరుగు తోడుకున్నట్టు గడ్డకడుతుంది. అందులో ఒక ముక్క ఊడి, రక్తంతోపాటు పైకి కొట్టుకుపోయి, గుండె గదులు దాటి, ఊపిరితిత్తులకు వెళ్లే గొట్టంలో అడ్డం పడుతుంది. మనిషి ఎంత పీల్చినా గాలి లోపలికి వస్తూనే ఉంటుంది, దాన్ని అందుకునే రక్తం రాదు. పిక్కలో పుట్టింది ఛాతీలో చంపుతుంది. ఇంత దూరం ప్రయాణం చేస్తుందా అని నేను నా కాళ్లవంక చూసుకున్నాను.

తర్వాత ఊళ్లోకి సి.టి. మెషీన్ వచ్చినా అది తలకాయలకే పనికొచ్చేది. ఒక్కో పొర తీయడం, ఆగడం, మళ్లీ తీయడం. తల కదలకుండా ఉంటుంది కాబట్టి సరిపోయేది. ఛాతీ అలా కాదు కదా, ఊపిరి తీసినప్పుడల్లా లోపల అంతా కదులుతుంది. తొంభైల చివర్లో మా స్కాన్ సెంటర్‌కు కొత్త మెషీన్ వచ్చింది. బల్ల ఆగకుండా లోపలికి జరుగుతుంది, దాని చుట్టూ ట్యూబు ఆగకుండా తిరుగుతుంది, మనిషి ఒక్కసారి ఊపిరి బిగబట్టేలోపు ఛాతీ మొత్తం అయిపోతుంది. మొదటి రోజు తెరమీద ఊపిరితిత్తుల రక్తనాళాలు వేరు నుంచి చిటారు కొమ్మదాకా కనిపించినప్పుడు అందరం తెర దగ్గరికి జరిగాం. మా డాక్టర్ గారైతే కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. అది కళ్లజోడు మురికి వల్ల కాదని నాకు తెలుసు.

మా కుల్కర్ణి సర్

ఆయన గురించి రెండు ముక్కలు చెప్పాలి. డాక్టర్ కుల్కర్ణి పరమ కోపిష్టి. ఫిల్ము మసకగా వస్తే నేలకేసి కొట్టేవారు. టీ చల్లారినా కోపమే, వేడిగా ఉన్నా కోపమే. నేను ఎన్నిసార్లు ఉద్యోగం మానేస్తానని ఇంటికి వచ్చి చెప్పానో మా ఆయన్ని అడగాలి.

కానీ ఆయనలో ఒక గుణం ఉండేది. బొమ్మ చూసి రిపోర్టు రాసే డాక్టర్లు చాలామంది కుర్చీలోంచి లేవరు. వాళ్లకు రోగి అంటే అద్దం అవతలి రెండు పాదాలే. ఈయన లేచి వచ్చేవారు. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లను ఊరికే చూస్తూ నిలబడేవారు. ఎవరు ఎలా కూర్చున్నారు, ఎవరు మాట్లాడుతూ మధ్యలో ఆగుతున్నారు, చూసేవారు. నాకు అది టైమ్ వృథాగా కనిపించేది. పద్మ అనే ఆమె వచ్చిన రోజుదాకా అలాగే అనుకున్నాను.

బెంచీ మీద

పద్మ విడీ ఘర్కుల్‌లో ఉండేది. బీడీ కార్మికుల కోసం కట్టిన ఆ కాలనీలో ఇంటింటి గడపలోనూ ఆడవాళ్లు వరసగా కూర్చుని బీడీలు చుడుతుంటారు. పద్మకు ముప్పై దాటి ఉండవు. భర్త అంబాదాస్ సాంచాలు నడుపుతాడు. అత్త సత్తెమ్మ కూడా బీడీలే. అత్తాకోడళ్లు ఇద్దరూ ఒకే గడపలో ఎదురెదురుగా కూర్చుని చుట్టేవాళ్లు.

పద్మకు కొన్నాళ్లుగా ఆయాసం. పేట్‌లో మాకందరికీ తెలిసిన డాక్టర్ ఒకాయన ఉండేవాడు, మంచివాడే. కానీ బీడీలు చుట్టే మనిషి దగ్గినా ఆయాసపడినా ఆయన నోట ఒకటే మాట: తంబాకు దుమ్ము. అదే గోళీ, అదే సిరప్. పద్మకూ అదే ఇచ్చాడు. ఆ రోజు పొద్దున ఆమె చుట్టిన బీడీలు కార్ఖానాలో అప్పజెప్పడానికి లేచి, నాలుగడుగులు వేసి, గడపలోనే పడిపోయింది. ఆస్పత్రికి తీసుకెళ్తే ఎక్స్‌రే శుభ్రంగా వచ్చింది. నేను చెప్పానే, ఆ శుభ్రం. అక్కడి డాక్టర్‌కు అనుమానం వచ్చి ఛాతీ స్కాన్ చేయమని మా దగ్గరికి పంపాడు.

నేను బయటికి వెళ్లి చూసేసరికి పద్మ బెంచీ మీద గోడకు ఆనుకుని ఉంది. పెదాలు నల్లబడ్డాయి. మాటకూ మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంటోంది. సత్తెమ్మ కింద కూర్చుని, కోడలి ఎడమకాలు ఒళ్లో పెట్టుకుని, మడమ నుంచి మోకాలిదాకా గట్టిగా ఒత్తుతోంది.

కుల్కర్ణి సర్ వచ్చి నా పక్కన నిలబడ్డారు. చాలాసేపు ఆ చేతులనే చూశారు.

"ఆమె ఆ ఒక్క కాలే ఎందుకు ఒత్తుతోంది?" అని మరాఠీలో అడిగారు.

నేను నవ్వాను. "అది చాట కాలు సర్. బీడీలు చుట్టేవాళ్లు తంబాకు చాట ఒక తొడ మీద పెట్టుకుని పొద్దస్తమానం మడిచి కూర్చుంటారు. ఆ కాలు వాస్తుంది, గుంజుతుంది. మా అమ్మకూ ఉంది. మా వాళ్లందరికీ ఉంటుంది."

ఆయన నావైపు తిరిగారు. కోపంగా కాదు. భయంగా. ఆయన ముఖంలో భయం చూడటం నాకదే మొదలు. రెండంగల్లో వెళ్లి సత్తెమ్మ మణికట్టు పట్టుకున్నారు. "ఆజీ," అన్నారు, మరాఠీలో ముసలమ్మలను పిలిచే పిలుపు. "చెయ్యి తీయండి. ఇంక ముట్టకండి."

సత్తెమ్మ బిత్తరపోయి నావంక చూసింది. "ఏందంటుండు బిడ్డా సారు? నేనేం చేసిన? పోరి కాలు గుంజుతున్నదంటే రోజు మాపటికి నూనె వెట్టి ఒత్తుత. ఒత్తితేనే జర నిద్ర వోతది."

అప్పుడు నాకు అర్థమైంది. వాపుకు చాటను చూపించాం. ఆయాసానికి దుమ్మును చూపించాం. రెండింటికీ బీడీయే కారణమని ఇంటివాళ్లూ అనుకున్నారు, పేట్ డాక్టరూ అనుకున్నాడు, బీడీలు చుట్టిన తల్లి కూతుర్ని, నేనూ అనుకున్నాను. చాట సంగతి తెలియని ఒక్క మనిషికి మాత్రం ఒక కాలే ఎందుకు అని అడగాలనిపించింది. సర్ తన దగ్గరున్న టేపుతో రెండు పిక్కలూ కొలిచారు. ఎడమది కుడిదానికంటే బాగా లావుగా ఉంది. "గడ్డ ఈ కాల్లోనే పుట్టి ఉండొచ్చు. కాళ్లు కూడా తీద్దాం. ఒకే మందుతో," అన్నారు.

దమ్ము

ఇక్కడ కొత్తవాళ్లు కాస్త జాగ్రత్తగా చదవాలి. మందు చేతి నరంలోంచి బయలుదేరి ఊపిరితిత్తుల గొట్టాల్లో నిండి ఉండేది కొన్ని క్షణాలే. ఆ క్షణాల్లోనే తీయాలి. ముందు తీస్తే మందు ఇంకా రాలేదు, ఆలస్యమైతే వెళ్లిపోయింది. ఆ కాసేపూ రోగి ఊపిరి బిగబట్టాలి. కదిలితే బొమ్మ చెదిరి, గడ్డ ఉందో లేదో తేలదు. ఊపిరి అందకే చచ్చిపోతున్న మనిషిని ఊపిరి ఆపమని అడగాలి. మన పనంతటిలో ఇంతకంటే మొహమాటపెట్టే మాట లేదు.

బల్ల మీద పడుకోబెడితే పద్మ నా చెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగాయి.

"అక్కా, దమ్ము అందుతలేదు. నాతోని గాదు. ఆపలేను."

మాకు మైకులో చెప్పే మాటలు ఉంటాయి. ఊపిరి పీల్చండి, ఆపండి, వదలండి. చిలకపలుకులు. అవి చెబితే ఈమె ఆపదని నాకు తెలుసు. నేను వంగి మా ఇంటి భాషలో అడిగాను.

"పద్మా, మీ ఆయన ధోటాల దారం పీల్చంగ చూసినవా?"

ధోటా అంటే సాంచా మీద అటూ ఇటూ పరిగెత్తే నాడె. దాని కంటిలోంచి దారం బయటికి రావాలంటే నేతగాడు అక్కడ పెదాలు ఆన్చి ఒక్క గుక్కలో పీలుస్తాడు. మా గల్లీల్లో పుట్టిన ప్రతి మనిషికీ ఆ గుక్క తెలుసు.

పద్మ కళ్లు నావైపు తిరిగాయి. "చూసుడేంది. నేను గూడ పీల్చిన."

"గంతే. దారం కొన పెదువులకు తాకేదాక పీల్చు. తాకినంక అట్లనే పట్టు. వదిలితే దారం ఎనుకకు వోతది. నేను చెప్పేదాక వదలకు. ఒళ్లంత ఎచ్చగైతది, బట్టలు తడిసినట్టనిపిస్తది. తడవయి. భయపడకు."

కొత్త మెషీన్‌లో కింది నుంచి పైకి తీయడం సర్ పట్టుబట్టి మొదలుపెట్టించారు. రోగి ఓర్చుకోలేక చివర్లో ఊపిరి వదిలేసినా అప్పటికి ఊపిరితిత్తుల పైభాగానికి వచ్చేసి ఉంటాం, అక్కడ కదలిక తక్కువ. ఆ చిన్న తెలివి ఎంతమందిని కాపాడిందో లెక్క నాకు తెలియదు.

నేను అద్దం వెనక్కి వచ్చాక మందు ఎక్కించే పంపు మొదలైంది. మైకులో అన్నాను: "పీల్చు పద్మా. దారం వచ్చింది. పట్టు. పట్టు."

ఆమె పట్టింది. అద్దంలోంచి చూస్తున్నాను, మెడ నరాలు తాళ్లలా లేచాయి, పెదాలు ముడుచుకుని ఉన్నాయి, నిజంగానే ఏదో కొనను పట్టుకున్నట్టు. బల్ల జరుగుతోంది. నేనూ ఊపిరి తీయడం మరిచిపోయాను. "వదులు!" అన్నప్పుడు ఇద్దరం ఒకేసారి వదిలాం.

తర్వాత ఆగాలి. అదే మందు ఊపిరితిత్తులు దాటి, గుండె రెండో పక్కకు వచ్చి, ధమనుల్లో కాళ్లదాకా దిగి, మళ్లీ సిరల్లోకి తిరిగి వస్తుంది. ఆ తిరిగి వచ్చే దారిని పట్టుకోవడానికి కొద్ది నిమిషాలు కాచుకుని కాళ్లు తీస్తాం. ఒక్క సూదిపోటుతో ఎక్కించింది ఒక మనిషి ఒళ్లంతా చుట్టి వస్తోందని, మనం దాని కోసం ఎదురుచూస్తున్నామని తలుచుకుంటే ఈనాటికీ నాకు చేతులు జోడించాలనిపిస్తుంది.

తెల్లటి దారిలో

తెర మీద ముందు ఛాతీ వచ్చింది. గుండె నుంచి బయలుదేరిన గొట్టం తెల్లగా, లావుగా, రెండుగా చీలిన చోట, మధ్యలో మందు చేరని బూడిదరంగు గడ్డ అడ్డంగా ఉంది. ఒక కొస కుడికి, ఒక కొస ఎడమకు వేలాడుతోంది. దాని పక్కన మిగిలిన సందులోంచి సన్నగా తెల్లటి గీత. ఆ గీత మీదే పద్మ బతికి ఉంది.

తర్వాత కాళ్లు. కుడికాలి సిర తెల్లగా నిండుగా ఉంది. ఎడమకాలిలో మోకాలి వెనకనుంచి తొడదాకా సిర మధ్యంతా అదే బూడిదరంగు.

"బాయీ," అన్నారు సర్ మెల్లగా నాతో. "పుట్టిన చోటు, చేరిన చోటు, రెండూ ఉన్నాయి."

నేను తల ఊపాను. చనిపోయాక కోసి చూస్తే తప్ప తెలియనిది, బతికున్న మనిషిలో, బయట ఆమె అత్త కూర్చుని ఉండగా, మేం చూస్తున్నాం. అంత పెద్ద సంగతి చూడటానికి మేమెవరం అనిపించింది నాకు. ఆ వెంటనే, చూశాం కాబట్టి కదలాలి అనిపించింది.

సర్ ఆస్పత్రికి ఫోన్ చేశారు. రక్తం గడ్డకట్టకుండా ఆపే ఇంజెక్షన్ మా దగ్గరే మొదలుపెట్టారు. పద్మను ఒక్క అడుగు నడవనివ్వలేదు. స్ట్రెచర్ మీదకు మార్చేటప్పుడు ఎడమకాలు నేనే పట్టుకున్నాను. నిండుకుండ మోసినట్టు మోశాను.

బయట అంబాదాస్‌కు, సత్తెమ్మకు నేను తెలుగులో విడమరిచి చెప్పాను. అంబాదాస్ గోడకు ఆనుకుని జారి కూర్చున్నాడు. సత్తెమ్మ మాత్రం నిలబడే ఉంది. రోజూ నూనె పట్టించే అరచేతులు రెండూ ముందు పెట్టుకుని చూసుకుంది.

"నా చెయ్యే తోసిందా సారూ, దాన్ని పైకి?"

కాదని చెప్పడానికి నేను నోరు తెరిచాను. నా వెనకే వచ్చి నిలబడ్డ సర్‌కు ఆ చేతులు చూస్తేనే అడిగిందేమిటో తెలిసిపోయింది, నాకంటే ముందే మాట్లాడారు. షోలాపూర్‌లో పుట్టిన తెలుగువాళ్లకు మరాఠీ వేరే చెప్పక్కర్లేదు, ఆమెకు ప్రతి మాటా అర్థమైంది.

"తెలియదు ఆజీ. ఎవరూ ముట్టకపోయినా అది ఊడి రావచ్చు. ఒత్తితే కూడా రావచ్చు. ఈ బొమ్మలో గడ్డ కనిపిస్తుంది. ఎవరు కదిలించారో కనిపించదు."

ఆ క్షణంలో ఆయన్ని కొట్టాలన్నంత కోపం వచ్చింది నాకు. ముసలావిడకు ఒక్క అబద్ధం చెబితే ఏం పోయింది? ఇంటికి వెళ్లాక ఆలోచిస్తే తట్టింది: కాదు అని చెప్పి ఉంటే, ఆమె రేపు పక్కింటి కోడలికి వాచిన కాలు అలాగే ఒత్తేది. అవును అని చెప్పి ఉంటే ఆ రాత్రే ఏదో చేసుకునేది. ఆయన తెలిసినంతవరకే చెప్పారు. మన పనిలో ఇది నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది, కొందరికి ఎప్పటికీ పట్టుబడదు.

గడపలో

పద్మ బతికింది. ఆస్పత్రిలో ఇంజెక్షన్లు, తర్వాత ఇంటి దగ్గర మాత్రలు, మాటిమాటికీ రక్తపరీక్షలు. ఒక ఆదివారం చూసి వద్దామని విడీ ఘర్కుల్‌కు వెళ్లాను. దారిపొడుగునా గడపల్లో ఆడవాళ్లు చాటలు పెట్టుకుని కూర్చున్నారు. చిన్నప్పటి నుంచి చూస్తున్న దృశ్యమే. ఆ రోజు మాత్రం నాకు ముఖాలు కనపడలేదు, కాళ్లే కనపడ్డాయి. తెలిసినవాళ్ల దగ్గర ఆగి, "రెండు కాళ్లు చాపు," అని అడుగుతూ పోయాను. "నీకేం పిచ్చి పట్టిందే?" అని తిట్టారు. తిట్టినా చాపారు.

పద్మ తలుపు దగ్గర నీడలో కూర్చుని ఉంది. కాలు ముడవకుండా చాపుకుని, చాట లేకుండా. ముఖం తేరుకుంది. సత్తెమ్మ టీ తెచ్చి నా ముందు పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

"అత్త మంచిగనే ఉన్నది గదా?" అని అడిగాను.

పద్మ గొంతు తగ్గించింది. "అన్నీ చేస్తదక్కా. వండి పెడ్తది, మాత్ర యాది చేస్తది. ముట్టదు. నీళ్లు ఇయ్యాల్నంటే గూడ గిలాస కింద పెడ్తది. నా చేతికియ్యదు." లోపలివైపు ఒకసారి చూసింది. "నాకు కన్న అవ్వ లేదక్కా. పెండ్లై వచ్చినప్పటిసంది ఈమెనే. రోజు ఒత్తంగ ఒత్తంగనే నాతోని ముచ్చట వెట్టేది. ఇప్పుడు ముచ్చట గూడ లేదు."

మా తెరమీద అది కనిపించదు. ఒక ఇంట్లో ఒక చెయ్యి ఆగిపోతే దాన్ని ఏ మందు ఎక్కించి చూడాలి?

మళ్లీ బల్ల మీద

కొన్ని నెలల తర్వాత పద్మ మళ్లీ వచ్చింది. మెట్లెక్కితే ఇంకా కొంచెం ఆయాసం ఉందంటే, పాత గడ్డ మిగిలిందేమో చూడమని పంపారు. ఈసారి మైకులో నేను "దారం" అనగానే ఆమె నవ్వింది. నవ్వొద్దు, బొమ్మ చెదురుతుంది అని కసిరాను.

గొట్టం చీలిన చోటు తెల్లగా ఉంది. కుడివైపు తెల్లగా ఉంది. ఎడమవైపు తెల్లగా ఉంది. నేను ఒక్కో కొమ్మా చివరిదాకా చూస్తూ వెళ్లాను, ఎక్కడా అడ్డు లేదు. తర్వాత కాలు. మోకాలి వెనక సిర తెల్లగా నిండి పైకి పోయింది. ఇంత గడ్డను మనిషి ఒళ్లు తనంతట తాను కరిగించుకుంది. మందు చేసింది కొత్తది కట్టకుండా ఆపడమే, మిగతా పనంతా ఆ ఒంటిదే. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. సర్ నన్ను చూడనట్టు నటించారు.

మేమిద్దరం లోపలికి వెళ్లి చెప్పాం. ఛాతీలోనూ కాల్లోనూ ఏమీ లేదని. సత్తెమ్మ తలుపు దగ్గరే నిలబడి వింది. చేతులు రెండూ కొంగులో చుట్టుకుని ఉంది.

పద్మ బల్ల మీద లేచి కూర్చుంది. ఎడమకాలు చాపింది.

"అత్తా, కాలు తిమ్మిరెక్కింది. జర ఒత్తు."

సత్తెమ్మ కోడలివైపు చూడలేదు. కుల్కర్ణి సర్ వైపు చూసింది. బయట ఇంకో పేషెంటు ఎదురుచూస్తున్నాడు, నిమిషం ఆలస్యమైతే అరిచే మనిషి సర్. "ఒత్తండి ఆజీ," అన్నారు. "ఇప్పుడు ఒత్తొచ్చు."

ఆమె కొంగులోంచి చెయ్యి తీసింది. వేళ్ల కొసలు తంబాకుతో గోధుమరంగుకు తిరిగి ఉన్నాయి. చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. పద్మ ముందుకు వంగి ఆ చేతిని పట్టుకుని తన పిక్క మీద పెట్టుకుంది. సత్తెమ్మ చాలాసేపు దాన్ని అలాగే ఉంచింది. తర్వాత ఒత్తడం మొదలుపెట్టింది, పైకి జరపకుండా, పెట్టినచోటే, మెత్తగా.

"పైకి గూడ ఒత్తు అత్తా," అంది పద్మ. "ఏం గాదు."